నీళ్ళ బండికి తిరిగే అద్దాలు

మా అత్తగారి ఊళ్ళో మనిషిని వెనకనుంచి పిలిస్తే తల తిప్పి చూడడు. కాళ్ళు రెండూ జరుపుకొని, ఒంటిని మొత్తం మనవైపు తిప్పి, ఎదురుగా నిలబడ్డాక అప్పుడు "ఏందీ?" అంటాడు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను దాన్ని మర్యాద అనుకున్నాను. పిలిచిన మనిషికి ఎంత విలువ ఇస్తున్నారో అని మురిసిపోయాను కూడా. మా పుట్టిల్లు ఆత్మకూరు దిక్కు. కృష్ణ నీళ్ళు తాగి పెరిగినదాన్ని. నల్గొండ దిక్కున ఈ మెట్ట ఊళ్ళ బావుల్లోనూ బోరింగుల్లోనూ ఫ్లోరైడు ఉంటుందనీ, అది ఏళ్ళ తరబడి ఎముకల్లోకి దిగి మెడనూ నడుమునూ కట్టెలా చేస్తుందనీ నాకేం తెలుసు?

మా అత్తమ్మే చెప్పింది. "మర్యాద గాదు బిడ్డా, మెడ తిరగది. గీ ఊరి నీళ్ళు గట్లనే" అని, చెప్పి తనే నవ్వింది. ఆమె మెడ అప్పటికే బిగుసుకుపోయి చాలా కాలమైంది. ఆకాశంలో మబ్బు చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. పడుకొని చూసి, "ఇయ్యాల వానొచ్చేటట్టున్నది, పిడకలు లోపల పెట్టు" అనేది. తప్పు పోయేది కాదు.

రెండు వైపులా మాది నేతపని ఇల్లే. మా బాపు నన్ను బడికి పంపలేదు గానీ, మగ్గం గుంట పక్కన నేలమీద ఇసుక పరిచి అక్షరాలు దిద్దించాడు. ఆయన నేస్తుంటే నేను పక్కన కూర్చుని పురాణం చదివి వినిపించేదాన్ని. ఇటు మా అత్తగారింట్లో మా ఆయనకు మాత్రం మగ్గం ఎక్కువకాలం కలిసిరాలేదు. గుంటలో కూర్చుని వంగే నడుము ఆయనకు వయసులోనే మొరాయించింది. అప్పుడు షాద్‌నగర్ పోయి, ఒక పాత పికప్పు బండి కొనుక్కొచ్చాడు. దాని వెనక రెండు చక్రాల నీళ్ళ ట్యాంకరు తగిలించాడు. మా ఊరి గుట్ట అవతల ఒక తోటబావి ఉండేది. ఏ పుణ్యమో, దాని నీళ్ళు తియ్యన. అక్కడ నింపుకొని చుట్టుపక్కల పల్లెల తొట్లలో పోసి రావడం ఆయన పని. పంచాయతీలవాళ్ళు కిరాయికి పెట్టుకున్నారు. ఇదంతా ఎనభైల చివరి మాట. మా దిక్కుకు పైపుల్లో నీళ్ళు రావడం ఇంకా చాలా దూరం.

నీళ్ళ ట్యాంకరును ట్రాక్టరు లాగడం లోకానికి తెలుసు. పికప్పు లాగడం మా ఊళ్ళోనే చూశాను. రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు, "మేకకు ఎద్దు కాడి కట్టినవేందిరా" అని ఆట పట్టించేవాళ్ళు. "మేక పాలిస్తది, ఎద్దు ఇస్తదా?" అని ఈయన ఆగకుండా పోయేవాడు.

చిన్ననాటినుంచీ చెడ్డ నీళ్ళు తాగి ఎముకలు అరగదీసుకున్న మనిషి, ఊరూరికీ మంచినీళ్ళు మోస్తున్నాడని నాకు లోపల ఎంతో గర్వంగా ఉండేది. ఆయన ముందు అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "డీజిల్ కాలుతది, నీళ్ళు పోతయి, గంతే. నువ్వు దానికి పురాణం అల్లకు" అనేవాడు. కానీ ఎండాకాలంలో ఏ పల్లెలోనైనా ముసలమ్మ కుండ పట్టుకొని ఆలస్యంగా వస్తే, తొట్టి నిండినా సరే, ఆ కుండ నిండేదాకా బండి కదిలేది కాదు. అది నేను కళ్ళారా చూశాను.

బండి ముందుకు తోలడంలో ఆయనకు ఏ చిక్కూ లేదు. చిక్కంతా వెనక్కి తోలడంలో. పల్లెల సందులు మలుపు తీసుకోవడానికి జాగా లేనివి. ట్యాంకరును తొట్టి దగ్గరికి వెనక్కే తోయాలి. వెనక తగిలించిన ట్యాంకరు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి, కుడికి పోవాలంటే ఎడమకు. కొంచెం ఎక్కువ తిప్పితే ట్యాంకరు అడ్డం తిరుగుతుంది. మొదట్లో ఆయన తలుపు మీద చెయ్యి ఆనించి, తల బయటపెట్టి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఒక్క ఊపున తెచ్చి ఆపేవాడు. ఏడాదికేడాది ఆ మెడ తిరగడం తగ్గిపోయింది. తొంభైల్లోకి వచ్చేసరికి ఆయన కూడా పిలిస్తే ఒంటిని మొత్తం తిప్పే మనిషి అయ్యాడు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు ఒంటిని ఎక్కడికని తిప్పుతాడు?

బండికి అద్దాలు లేకపోలేదు. అప్పడాలంత గుండ్రటివి రెండు ఉండేవి. ట్యాంకరేమో బండికంటే వెడల్పు. ఆ అద్దాల్లో ట్యాంకరు పొట్ట తప్ప దాని వెనక ఏమున్నదీ కనబడదు. కాస్త బయటికి తిప్పుదామంటే కిందికి దిగాలి, చేత్తో తిప్పాలి, ఎక్కి చూడాలి, మళ్ళీ దిగాలి. ఇంతా చేసి బయలుదేరితే, మట్టిరోడ్డు గుంతల్లో పడి లేచేసరికి ఒకటి ఆకాశాన్నీ ఇంకొకటి చక్రాన్నీ చూపించేది.

వీలున్నప్పుడల్లా నేను వెంట పోయి, దిగి వెనక నిలబడి చెప్పేదాన్ని. నేను లేనప్పుడు ఊరివాళ్ళు చెప్పేవాళ్ళు. అదొక గొడవ. మా దిక్కు వెనక్కి వస్తున్న బండి కనబడితే ప్రతి మనిషీ మేస్త్రీయే.

"రానీ, రానీ, రానీ..."

"ఆగాగు! జర ఎడమకు కొట్టు!"

"ఎవ్వని ఎడమకే? నీ ఎడమకా, ఆయన ఎడమకా?"

"ఎవ్వని ఎడమన్న గానీ, ముంగల గా బర్రెను ఇప్పుండ్రి!"

ఒక ఎండాకాలం అత్తమ్మకు జ్వరం వచ్చి నేను ఇంట్లో ఉన్నాను. ఆయన ఒక్కడే పొరుగూరికి నీళ్ళు తీసుకుపోయాడు. ఆ ఊళ్ళో తొట్టి ఊరి నడుమ, బొడ్రాయి పక్కనే ఉంది. ఊరు కట్టుకున్ననాడు నడిబొడ్డున పాతిన రాయి అది. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, చుట్టూ అరుగు కట్టి కాపాడుకుంటారు. కొత్త పెళ్ళికూతురు వచ్చినా, బిడ్డ పుట్టినా, ముందు దాని దగ్గరికే. ఆ రాయికి ఏమన్నా అయితే ఊరికి కీడు అని ఒక నమ్మకం. ఆరోజు నలుగురు "రానీ" అన్నారు, ఒకరు "ఆగు" అన్నారు. ఇంజను చప్పుడులో ఆయనకు "రానీ" ఒక్కటే వినబడింది. ట్యాంకరు చక్రం అరుగు మీదికి ఎక్కింది. అరుగు మూల పెళ్ళ విరిగి పడింది. అమ్మ దయ, రాయికి తగల్లేదు.

ఊరు ఊరంతా పోగైంది. ఆయన దిగి, అక్కడే మోకాళ్ళు వంగకపోయినా ఎట్లాగో వంగి, రాయికి మొక్కాడు. బిందెలతో నీళ్ళు పోసి, కొబ్బరికాయ కొట్టించాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, ఎవర్నీ గట్టిగా అనని ముసలాయన. ఆయన దగ్గరికి వచ్చి, "కోపం లేదు కొడుకా. గిన్నొద్దులు మా ఊరికి నీళ్ళు తాపినవ్. అరుగు మళ్ళ కట్టుకుంటం. కని ఎనుక ఏమున్నదో ఎరుక లేకుంట ఇగ నువ్వు రాకు. రేపు గా జాగల మా మనుమలు ఆడుకుంట ఉంటరు" అన్నాడట.

తిట్టి ఉంటే ఆయన మర్చిపోయేవాడేమో. ఆ చివరి మాట మర్చిపోలేదు. ఇంటికి వచ్చి తాళంచెవిని దేవుడి గూట్లో మేకుకు తగిలించాడు.

"తల తిప్పరానోనికి తోలుడెందుకు? అమ్మేస్త" అన్నాడు.

"ఎనుక నిలబడెటోళ్ళు దొర్కకపోతరా?" అన్నాను.

"నిలబడ్డోడు ఆగు అంటడు, ఇంకోడు రా అంటడు. నా కండ్లతోని నేను సూడాలె. సూడలేను. అయిపాయె."

షాద్‌నగర్‌కు కబురు కూడా పంపించాడు, గిరాకీ చూడమని.

రోజూ పొద్దున గూట్లో దీపం పెట్టేటప్పుడు ఆ తాళంచెవి నా వేళ్ళకు తగిలేది. బండి నిలవాలని నేను మొక్కుకోలేదు. "ఈయనవల్ల ఎవరికీ కీడు జరగొద్దు. ఆ ఊరికి మంచినీళ్ళు ఆగొద్దు. ఈ రెండూ ఒక్కచోట ఎట్లా కుదురుతాయో నాకు తెలియదు తల్లీ, నీకు తెలుసు" అని మాత్రం అనుకునేదాన్ని. పాలు పోసే ఆమె ఆ ఊరినుంచే వచ్చేది. "మళ్ళ బోరింగు నీళ్ళే ముంచుకుంటున్నం అక్కా" అని చెప్పిన రోజున నాకు ముద్ద దిగలేదు. ఆయనకూ దిగలేదని కంచం చెప్పింది.

కబురు అందుకొని వచ్చినవాడు షాద్‌నగర్ మేస్త్రి. బండి కొన్ననాటినుంచీ దానికి పెద్ద మరమ్మతు ఏదొచ్చినా ఆయన చేతిమీదే. ముస్లిం కుటుంబం. వాళ్ళ అక్కను మా ఊరికే ఇచ్చారు. ఆ వరసన మా ఊరి మగవాళ్ళంతా ఆయనకు బావలు, ఆయన అందరికీ బామ్మర్ది. నేను చెల్లెను.

వస్తూనే బండి చుట్టూ తిరిగాడు. బానెట్టు ఎత్తాడు. ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకొని చాలాసేపు విన్నాడు. తర్వాత మా ఆయన వీపు వెనక్కి పోయి, "బావా!" అని పిలిచాడు. ఈయన ఒంటిని మొత్తం తిప్పి చూశాడు. మేస్త్రి అటు పోయి మళ్ళీ "బావా!" అన్నాడు. ఈయన మళ్ళీ తిరిగాడు.

"ఏందిరా బామ్మర్దీ, గానుగెద్దు లెక్క తిప్పుతున్నవ్?"

"ఇంజను మంచిగున్నది. గేర్లు మంచిగున్నయి. గిసొంటి బండిని అమ్ముడేంది బావా?"

"నా మెడ మంచిగ లేదు."

"మెడకు నేను పానా పెట్టలేను గద" అని మేస్త్రి అరుగుమీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాడు. "మెడ తిరగకుంటె ఏమాయె, అద్దం తిరగాలె. జర ఆగు, నా కాడ ఒక సామాను పడున్నది."

ఏదో పెద్ద కాలువ పనికోసం తెప్పించిన పరాయి దేశపు బండి ఒకటి, పని అయిపోయాక పాడై తుక్కుకు వచ్చిందట. దాని తలుపులకున్న అద్దాలను మేస్త్రి విప్పి దాచాడు. వెనక బరువు లాగే బండ్లకోసమే చేసిన అద్దాలవి. చెయ్యి చాచినట్టు బయటికి సాగుతాయి. పైగా ఒక్కొక్కదాని లోపల చిన్న మోటారు. లోపల కూర్చుని మీట నొక్కితే అద్దం దానంతట అదే పైకీ కిందికీ, ఇటూ అటూ తిరుగుతుంది.

మా ఆయన నమ్మలేదు. "మన డొక్కు బండికి పరాయి దేశపు సోకులేందిరా? జనం నవ్వుతరు."

"నవ్వనీ బావా. నవ్వెటోళ్ళు గూడ అద్దంల మంచిగ కనబడ్తరు."

అత్తమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో, రెండు పూటలూ తలుచుకొని నవ్వింది. చివరికి కొడుకుతో, "పెట్టించి సూడు. మంచిగ లేకుంటె అప్పుడమ్ము. అమ్ముడు యాడికి పోతది?" అంది. ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు.

కొద్దిరోజులకు మేస్త్రి గోనెసంచిలో అద్దాలు చుట్టుకొని వచ్చాడు. మా వాకిట్లోనే పని మొదలైంది. ఆ పని చూడటమే నాకొక పుణ్యం అనిపించింది. తలుపు రేకు పాతది, తుప్పు పట్టింది. అంత బరువు అద్దం బిగిస్తే గుంతల్లో ఊగి రేకు చిరుగుతుందని, తలుపు లోపలివైపు ఇనుప పట్టీ వేసి, రేకును మధ్యలో పెట్టి బిగించాడు. తీగలు తలుపు మడత దగ్గర నలిగి తెగకుండా రబ్బరు గొట్టంలో దూర్చాడు. ప్రతి రంధ్రం వేసేముందు పెదవులు కదిలేవి. బిస్మిల్లా అనుకునేవాడు. నేను దీపం పెట్టేటప్పుడు నా పెదవులూ అట్లాగే కదులుతాయి గదా అనుకున్నాను.

మీట ఎక్కడ పెట్టాలన్న దగ్గర మేస్త్రి చేసిన పనిని నేనెప్పటికీ మరువను. మా ఆయనకు భుజం కూడా పూర్తిగా లేవదు. మేస్త్రి ఈయనను సీట్లో కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో బావా. చెయ్యి స్టీరింగు మీదికెల్లి ఊకె ఇడిచిపెట్టు. యాడ పడ్తదో పడనియ్యి" అన్నాడు. చెయ్యి సీటు పక్కన, మోకాలి దగ్గర పడింది. సుద్దముక్కతో అక్కడ గుర్తు గీసి, అక్కడే మీట బిగించాడు. "అద్దాలు చేసినోడు మీటను పైన పెట్టిండు. వానికి నీ భుజం సంగతి ఎర్కలేదు గద" అన్నాడు.

మొదటిసారి మీట నొక్కినప్పుడు తుమ్మెద రొదలాంటి సన్నని చప్పుడు చేస్తూ అద్దం మెల్లగా పక్కకు తిరిగింది. మంచంమీద కూర్చుని చూస్తున్న అత్తమ్మ చేతులు జోడించింది.

"ఓ అవ్వా! అది తల తిప్పుతాంది సూడు. మన ఇంట్ల తల తిప్పెటోళ్ళు ఒక్కలన్న ఉన్నరు" అంది.

ఒక్క పొరపాటు మాత్రం దొర్లింది. మేస్త్రి కుడివైపుది కుడికి, ఎడమవైపుది ఎడమకు బిగించాడు. మా ఆయన వాకిట్లోనే కొంచెం వెనక్కి తీస్తూ, కుడి అద్దంలో మా బర్రె ఎంతో దూరంగా ఉందని ధీమాగా వచ్చాడు. అది కొమ్ము తగిలేటంత దగ్గరలో ఉండి "అంబా" అంది. మేస్త్రి నుదురు కొట్టుకున్నాడు. ఆ దేశంలో తోలేవాడు ఎడమవైపు కూర్చుంటాడట. అందుకని కుడి అద్దం కొంచెం ఉబ్బుగా ఉండి, ఎక్కువ జాగాను చిన్నగా చేసి చూపిస్తుంది. ఉబ్బు అద్దం మనకు ఎడమకు రావాలి. గూళ్ళు అట్లాగే ఉంచి, లోపలి అద్దాలను మాత్రం ఓపికగా అటుదిటు ఇటుదటు మార్చాడు. "పరాయి దేశపుది గద, మన బర్రెను గుర్తుపట్టలే" అని మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

మర్నాడు శుక్రవారం. కొత్త సామాను వచ్చిన బండిని పూజ లేకుండా కదిలించం. ఊరి పొలిమేర మైసమ్మ దగ్గరికి తీసుకుపోయాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. నేను నూనెలో కలిపిన కుంకుమతో రెండు అద్దాలకూ నడిమధ్యన నిండుగా బొట్లు పెట్టాను. మనిషికి నుదుటి మధ్యన పెడతాం, అద్దానికీ మధ్యనే గదా పెట్టాలి. మేస్త్రి కొంచెం అవతల, చేతులు కట్టుకొని, పూజ అయ్యేదాకా నిలబడ్డాడు.

అక్కడినుంచి ఖాళీ కల్లానికి పోయి, ట్యాంకరు తగిలించి, సందులాగా రెండు వరసల రాళ్ళు పేర్చి వెనక్కి తీయడం మొదలుపెట్టారు. మా ఆయన వెంటనే ఆపేశాడు.

"ట్యాంకరు మూల కనబడ్తలేదు."

మేస్త్రి పోయి చూశాడు. సరిగ్గా ట్యాంకరు వెనక మూల కనబడాల్సిన చోటే నా బొట్టు ఉంది. రెండు వైపులా అంతే. తుడిస్తే పోయేదే. కానీ పెట్టిన బొట్టును తుడవడమంటే మా ఇళ్ళలో ఏమిటో అందరికీ తెలుసు. నేను ముట్టలేను. ఆయన ముట్టడు. మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి, "నేనైతె అస్సలు ముట్ట చెల్లె" అన్నాడు.

మా ఆయన మోకాలి దగ్గరి మీట నొక్కాడు. అద్దం తిరిగింది. బొట్టు అద్దంతోపాటే ఉంది గానీ, ట్యాంకరు మూల, దాని మీది ఎర్రలైటు, బొట్టు వెనకనుంచి మెల్లగా పక్కకు వచ్చింది. లైటు బొట్టు అంచుకు తాకినట్టు కనబడ్డ చోట ఆపాడు. రెండో వైపు కూడా అట్లాగే తెచ్చాడు. తర్వాత వెనక్కి తీశాడు. ట్యాంకరు ఏ వైపు వంకర పోతే ఆ వైపు అద్దంలో లైటు బొట్టును వదిలి బయటికి వస్తోంది. స్టీరింగు సరిచేస్తే మళ్ళీ వచ్చి అంచుకు తాకుతోంది. రెండు లైట్లూ రెండు బొట్లకు తాకి ఉంటే ట్యాంకరు తిన్నగా వస్తున్నట్టే. గుంతల్లో అద్దం జరిగినా ఫికర్ లేదు. లైటు బొట్టుకు తాకేదాకా మీట నొక్కితే చాలు. రాళ్ళ మధ్యనుంచి ట్యాంకరు తాడు పట్టినట్టు వచ్చింది.

మేస్త్రికి ముచ్చటేసి, తనూ ఎక్కి కూర్చుని చూశాడు. ఆయనకు కుదరలేదు. ముందుకు వంగితే లైటు బొట్టు దాటుతుంది, వెనక్కి ఆనితే బొట్టు వెనక దాక్కుంటుంది.

"నాకు పనిజేస్తలేదు బావా" అన్నాడు దిగుతూ. "నా తల ఊగుతాంది. నీ తల ఉన్నకాడనే ఉంటది. గీ గుర్తు నీకొక్కనికే."

ఆ మాటకు మా ఆయన ముఖంలో వచ్చిన వెలుగును నేను చూశాను. కట్టెబారిన ఆ మెడను ఆయన అన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు మొదటిసారి అది ఒక పనికి వచ్చింది. గూట్లో దీపం ముందు నేను అడిగిన రెండూ ఒక్కచోట ఎట్లా కుదిరాయో అప్పుడు నాకు అర్థమైంది. నేను చేసిందేమీ లేదు. బొట్టు పెట్టాను, అంతే.

ఆ తర్వాత ఆయన కల్లంలో రోజూ వెనక్కి తీస్తూనే ఉన్నాడు. చేతికి పట్టు వచ్చిందని తనకు తోచిన రోజున ట్యాంకరు నింపుకొని ఆ బొడ్రాయి ఊరికే బయలుదేరాడు. నేనూ ఎక్కాను. మేస్త్రి అక్కను చూడటానికి వచ్చి ఉన్నాడు, ఆయనా ఎక్కాడు. ఊరి మొదట్లోనే పెద్దమనిషి ఎదురొచ్చాడు.

"ఎనుక సూసెటోడు ఉన్నడా కొడుకా?"

"ఉన్నరు పెద్దయ్యా, ఇద్దరు" అని మా ఆయన అటూ ఇటూ అద్దాలను చూపించాడు.

పెద్దాయన అద్దాలను చూశాడు, బొట్లను చూశాడు. చేతికర్ర పట్టుకొని మెల్లగా నడిచిపోయి, బొడ్రాయి అరుగు ముందు, సరిగ్గా విరిగి మళ్ళీ కట్టిన మూల దగ్గర నిలబడ్డాడు.

"రా ఇగ. రాయి మీదికొస్తె నా మీదికెల్లే రావాలె."

నేను దిగి తొట్టి పక్కన కుండలతో నిలబడ్డ ఆడవాళ్ళలోకి పోయాను. మేస్త్రి కూడా దిగి, ఎవరికీ అడ్డం కాకుండా గోడకు ఆనుకున్నాడు. ఆయన ఏదో చెబుతాడేమో అని చూశాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బండి వెనక్కి కదలగానే అలవాటు ప్రకారం గోల మొదలైంది.

"రానీ, రానీ..."

"కుడికి, కుడికి కొట్టు!"

"నోర్లు మూయుండ్రి!" అన్నాడు పెద్దాయన, కర్రతో నేలను కొట్టి. "ఆయన కండ్లతోని ఆయనను సూసుకోనియ్యుండ్రి."

ఇంజను చప్పుడొక్కటే మిగిలింది. ట్యాంకరు సందులోంచి మెల్లగా వచ్చింది. మలుపు దగ్గర ఆగింది. అద్దం తుమ్మెదలా రొద చేసింది. మళ్ళీ కదిలింది. పెద్దాయన ముందునుంచి, ఆయన పంచె అంచు గాలికి రెపరెపలాడేంత దగ్గరగా చక్రం దాటిపోయింది. ఆయన అడుగు కదపలేదు. ట్యాంకరు నల్లా సరిగ్గా తొట్టి మీదికి వచ్చి ఆగింది. ఎవరో నల్లా తిప్పారు. తియ్యటి నీళ్ళు తొట్టిలో పడుతున్న చప్పుడు వినబడగానే ఆడవాళ్ళందరూ ఒక్కసారి కుండలు ఎత్తుకున్నారు. నేను కళ్ళు మూసుకొని దండం పెట్టుకున్నాను.

పెద్దాయన బండి తలుపు దగ్గరికి పోయి, "రేపు ఏ యాళ్ళకు వస్తవ్ కొడుకా?" అన్నాడు.

"పొద్దుగాల్నే వస్త" అన్నాడు మా ఆయన.

అప్పుడు ఎడమ అద్దం మళ్ళీ కదిలింది. బండి ఆగింది, నీళ్ళు పడుతున్నాయి, ఇంక అద్దంతో పనేమున్నదా అని చూశాను. అది ట్యాంకరు మీదనుంచి జరిగి, తొట్టి మీదుగా, కుండల మీదుగా మెల్లగా తిరుగుతూ వచ్చి నా దగ్గర ఆగింది. అందులో ఆయన కళ్ళు ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా ఆయన నన్ను చూడాలంటే నేను పోయి ఎదురుగా నిలబడాలి. వెనక ఎక్కడో నలుగురిలో ఉన్న నన్ను ఆయనే వెతుక్కొని చూడటం మళ్ళీ ఆ రోజే.

"కొంగు తడుస్తాంది, సూసుకుంటలెవ్వు. జర అవుతలికి జరుగు!" అని కేకేశాడు.

ఆడవాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వు. నేను కొంగు పిండుకొని, అద్దం దాటిపోకుండా, కొంచెమే జరిగాను.